మోకు మీద గుమ్మడికాయ

“‘అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరు?’ అని మన నాయన అనేవాడా, కాదా? చెప్పవే! అనేవాడా, కాదా?”

“అనేవాడు. ‘పేనినోళ్ళే ముందెక్కాలి’ అని కూడా అనేవాడు. ఆ మాట మాత్రం నీకు గుర్తుండదు కదన్నా!”

“గొంతు తగ్గించు చెంగీ. కొట్టంలో అందరూ చూస్తున్నారు.”

“చూడర్లే. చూడ్డం వాళ్ళ పని కాదుగా!”

అదీ పిల్లలూ సంగతి. మనం వచ్చేసరికే అన్నాచెల్లెళ్ళు ఇలా మాటకి మాట విసురుకుంటున్నారు. వీళ్ళెవరు, ఈ కొట్టమేంటి, ఈ గొడవేంటి అంటారా? పదండి, రెండడుగులు వెనక్కేద్దాం.

అనగా అనగా, కొండలు ఇంకా మనుషులకి దారివ్వని రోజుల్లో, గుండ్లగిరి అని ఓ రాజ్యం ఉండేది. కోటా ఊరూ ఈ గట్టున. పొలాలూ ధాన్యం గాదెలూ ఆ గట్టున. మధ్యలో ఓ లోయ. మామూలు లోయ కాదది. రాయి విసిరితే తొమ్మిది అంకెలు లెక్కపెట్టాక గానీ చప్పుడు వినపడదు. అంచున నిలబడి మాట్లాడితే ఏదో గొణుగుతుంది, అంతే. కానీ నడిమధ్యకి వెళ్ళి నీ పేరు చెప్పావనుకో, మూడుసార్లు తిరిగి చెబుతుంది. అందుకే దాన్ని బదులులోయ అనేవాళ్ళు.

వంతెన కడదామంటే గాలి నిలవనిచ్చేది కాదు. అందుకని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఓ మోకు కట్టేవాళ్ళు. మోకంటే తెలుసుగా? లావుపాటి తాడు. దానికో బుట్ట వేలాడదీసి, అటూ ఇటూ లాగేవాళ్ళు. బియ్యం ఆ బుట్టలోనే వచ్చేది. పెళ్ళికూతురు ఆ బుట్టలోనే వెళ్ళేది. మంత్రసాని ఆ బుట్టలోనే పరిగెత్తుకొచ్చేది. ఆ మోకే ఊరికి ఊపిరి.

ప్రతి ఏడూ వానలకి ముందు పాత మోకు విప్పి, కొత్తది కట్టాలి. దానికో ఆచారం ఉండేది. పేనినోళ్ళే ముందెక్కాలి. ఒంటరిగా బుట్టలో కూర్చోవాలి. లోయ నడిమధ్యకి వెళ్ళాలి. గుండెల నిండా గాలి పీల్చి తన పేరు చెప్పాలి. లోయ ఆ పేరు మూడుసార్లు పలకాలి. ఆ తర్వాతే మిగతావాళ్ళు కాలు పెట్టేది.

చెంగమ్మ చిన్నప్పుడు వాళ్ళ నాయన భుజాన ఎక్కి లోయ దాకా వచ్చేది. నాయన ఆమెని దించి, బుట్ట ఎక్కి, మధ్యకెళ్ళి, “నల్లప్ప!” అని అరిచేవాడు.

“నల్లప్ప... నల్లప్ప... నల్లప్ప...” అనేది లోయ.

అప్పుడు చెంగమ్మకి తన ఒళ్ళంతా ఎవరో బంగారు నీళ్ళతో కడిగినట్టుండేది.

ఆ రోజుల్లో ఊరు చిన్నది. బుట్టలో ఒక్కళ్ళే కూర్చునేవాళ్ళు. మోకు మణికట్టంత ఉంటే చాలు, ఒక ఇంటివాళ్ళు కలిసి పేనేసేవాళ్ళు. తర్వాత ఊరు పెరిగింది. ఆరుగురు కూర్చునే బుట్ట కావాల్సొచ్చింది. తొడంత లావు మోకు కావాల్సొచ్చింది. అది పేనడం ఒక ఇంటి వల్ల అయ్యే పనా? కాదు. అందుకని రాజు ఉదయకేతుడు మోకుల కొట్టం పెట్టించాడు. మూడొందల మంది పనివాళ్ళు. జనపనార నానేసేవాళ్ళు కొందరు, దువ్వేవాళ్ళు కొందరు, నూనె పట్టించేవాళ్ళు కొందరు, పురి తిప్పేవాళ్ళు కొందరు. చివర్లో లక్కతో రాజముద్ర వేసేవాళ్ళు ఇద్దరు. ఎవరి పని వాళ్ళది. నెల తిరిగితే జీతం, పండక్కి బట్టలు, నెత్తిన చల్లటి కప్పు. కొట్టంలో పనంటే చాలు, పెళ్ళి సంబంధాలు వాటంతటవే నడిచొచ్చేవి.

అంతా బాగుంది. ఒక్కటే చిక్కు. మూడొందల మంది పేనిన మోకు మీద ముందెక్కేదెవరు? ఎవరి పేరు చెప్పాలి?

కొట్టం అధికారి దండపాణి చాలా తెలివైనవాడు. “గుమ్మడికాయ ఎక్కించండి” అన్నాడు.

అప్పట్నుంచీ ప్రతి ఏడూ ఓ గుమ్మడికాయకి పసుపు రాసి, బొట్టు పెట్టి, బుట్టలో కూర్చోబెట్టేవాళ్ళు. డప్పులు మోగేవి. గట్టు మీద భద్రంగా నిలబడి ఒకడు రాజుగారి పేరు అరిచేవాడు. రాజుగారి పేరు కదా, లోయ కూడా మొహమాటానికి ఓసారి గొణిగేది. గుమ్మడికాయ అవతలికి చేరితే మోకు మంచిదన్నట్టే.

చెంగమ్మ, వాళ్ళన్న కొండన్న, ఇద్దరూ ఆ కొట్టంలోనే పనికి చేరారు. చెంగమ్మ చెవి అలాంటిలాంటి చెవి కాదు. బిగిసిన తాడుని వేలితో మీటి, ఆ మోత విని, “లోపల మూడో పేట వదులుగా ఉంది” అనేది. విప్పి చూస్తే అలాగే ఉండేది. కొట్టంలో నాలుగేళ్ళు పనిచేసింది. ఏ నార ఎంతసేపు నానాలో, ఏ నూనె ఎంత పట్టాలో, అంతా అక్కడే నేర్చుకుంది. ఆ మాట ఆమె ఎప్పుడూ దాచుకోలేదు.

ఆ నేర్చుకున్నదానితోనే ఓ చక్రం చేసింది. మూడు కొక్కేలు, ఒక్క పిడి. పిడి తిప్పితే మూడు పేటలకీ సమానంగా పురి ఎక్కుతుంది. ఒకటి బిగువు, ఒకటి వదులు అనే మాటే ఉండదు.

మొదటిసారి చూపిస్తే దండపాణి, “బాగుందమ్మా! చాలా బాగుంది!” అన్నాడు.

రెండోసారి అడిగితే, “ఏడుగురు పెద్దలు చూడాలమ్మా. ఇప్పటికి ఇద్దరు చూశారు” అన్నాడు.

మూడోసారి అడిగితే, “అటక మీద పెట్టించానుగా! ఎక్కడికి పోతుంది?” అన్నాడు.

ఆ మూడోసారి అడిగిన రోజే అన్నాచెల్లెళ్ళ గొడవ.

“బయటికెళ్ళి ఏం చేస్తావే?” అన్నాడు కొండన్న. “బయట ఎండ, బయట వాన. కొట్టానికి కప్పుంది.”

“కప్పుంది కాబట్టే ఆకాశం కనపడట్లేదు.”

“మాటలు బానే నేర్చావు. ఆకలేస్తే తిరిగొస్తావులే.”

“ఆకలేస్తే మీ ఇంటికొస్తా, కొట్టానికి రాను. వదినని చింతకాయ పచ్చడి నూరి ఉంచమను.”

నాయన వాడిన ఇనప దువ్వెన ఒక్కటి చేతబట్టుకుని, చెంగమ్మ కొట్టం గడప దాటింది.

కోటగోడ అవతల, గాలి కొట్టే వాలులో, తాటాకు పాక వేసింది. కొత్త చక్రం చేసుకుంది. తాళ్ళు పేనింది. పలుపులు, పగ్గాలు, చేంతాళ్ళు వరసగా వేలాడదీసింది. వచ్చినవాళ్ళంతా తాడు పట్టుకుని చూసేవాళ్ళు, బాగుందనేవాళ్ళు, తిప్పి చూసేవాళ్ళు. “ముద్రేదీ?” అనేవాళ్ళు. ముద్ర లేదంటే, తాడు ఉన్నచోటే పెట్టేసి వెళ్ళిపోయేవాళ్ళు. నెల రోజులు అలా గడిచాయి. చింతకాయ పచ్చడి కోసం వదిన దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళొచ్చింది.

అప్పుడు ముత్యాలు అనే కల్లుగీసే ఆయన వచ్చాడు. తాటిచెట్టు ఎక్కాలంటే నడుం చుట్టూ, చెట్టు చుట్టూ మోకు ఉండాలి. అది తెగితే మనిషి మిగలడు.

“ముద్ర లేదంటున్నావు. మరి పూచీ ఎవరు తల్లీ?”

“నేనే.”

“నువ్వు పూచీ అంటే? నేను కిందపడ్డాక వచ్చి ఏడుస్తావా?”

చెంగమ్మ చీర కొంగు బిగించింది. తను పేనిన మోకు నడుముకి తగిలించుకుంది. ఎదురుగా ఉన్న తాటిచెట్టు ఎక్కడం మొదలుపెట్టింది. మోకాళ్ళు చీరుకుపోయాయి. రెండుసార్లు జారింది. ఎలాగో మట్టల దాకా చేరి, వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలేసింది.

“చెంగమ్మ!” అని తన పేరు తనే అరిచింది.

అక్కడ లోయ లేదుగా. రెండు కాకులు లేచి “కావ్ కావ్” అన్నాయి.

కింద ముత్యాలు పొట్ట పట్టుకుని నవ్వాడు. “దిగు తల్లీ దిగు! చెట్టెక్కడం నీకు రాదు గానీ, తాడు పేనడం వచ్చు. నాకు రెండివ్వు. మా బావమరిదికి ఒకటి!”

ఆ మాట తాటితోపులన్నీ తిరిగింది. బావులు తవ్వేవాళ్ళొచ్చారు. ముందు చెంగమ్మే నలభై మూరల బావిలోకి దిగి చూపించింది. పడవలవాళ్ళొచ్చారు. ముందు చెంగమ్మే తాడు పట్టుకుని వాగులోకి దూకింది. ఏడాది తిరిగేసరికి పాకలో తనతో కలిపి పన్నెండు మంది. “చెంగమ్మ తాడు” అంటే ఇంక ముద్ర అడిగేవాళ్ళే లేరు.

ఇక్కడ కాస్త ఆగండి పిల్లలూ. కథ ఇక్కడితో అయిపోతే మా చెంగమ్మ గొప్పదని చెప్పి చప్పట్లు కొట్టేసుకోవచ్చు. కానీ పేరు పెరిగితే ఏమవుతుందో తెలుసా? పేరుకే పని చెబుతాం, మనం కూర్చుంటాం.

రాళ్ళు కొట్టే సుంకులయ్య పెద్ద మోకు కావాలన్నాడు. రెండు రోజుల్లో కావాలన్నాడు. అప్పటికే పాకలో ఊపిరాడనంత పని. మోకు పేనారు. “అక్కా, ఎక్కి చూస్తావా?” అని పనివాళ్ళు అడిగారు.

“చెంగమ్మ తాడురా అది! దానికి వేరే చూసేదేముంది? పొట్టు మూట ఒకటి కట్టి వేలాడదీసి, ఆగితే ఇచ్చేయండి” అంది.

పొట్టు మూట ఆగింది. మోకు ఇచ్చేశారు.

మూడో రోజు రాళ్ళ గుట్ట దగ్గర బండరాయి సగం పైకి లేచాక మోకు తెగింది. మనుషులు తప్పుకున్నారు. ఎద్దు తప్పుకోలేకపోయింది. బూడిదోడు అని పిలుచుకునే ఎద్దు, దాని ముందుకాలు విరిగింది.

సుంకులయ్య తెగిన మోకు తెచ్చి చెంగమ్మ కాళ్ళ ముందు పడేశాడు. అరవలేదు. తిట్టలేదు. ఒక్కటే అడిగాడు.

“దీని మీద నువ్వెక్కావా అమ్మా?”

చెంగమ్మ తలెత్తి చూసింది. ఎదురుగా కొక్కేనికి ఆ పొట్టు మూట ఇంకా వేలాడుతూనే ఉంది. అది చూస్తే గుమ్మడికాయని చూసినట్టే ఉంది. ‘కొట్టం అక్కడ వదిలేసి వచ్చాననుకున్నా. నాతో పాటే తెచ్చుకున్నా’ అనుకుంది.

బూడిదోణ్ణి తన పాకకే తెచ్చుకుంది. వెదురు కట్టు కట్టించింది. మూడు నెలలు గడ్డి తనే పెట్టింది, కుడితి తనే తాగించింది. కాలు అతుక్కుంది గానీ కుంటితనం మిగిలిపోయింది. ఆ కుంటినడక చూసినప్పుడల్లా చెంగమ్మ తల కాస్త కిందికి దిగేది. పాకలో కొత్త కట్టుబాటు పెట్టింది. ఏ తాడైనా సరే, ఆ తాడు పేనినవాళ్ళు ఎక్కాకే గడప దాటాలి. ఆలస్యమైతే అవనీ. కొనేవాళ్ళు పోతే పోనీ.

కొందరు నిజంగానే పోయారు. సుంకులయ్య మాత్రం మళ్ళీ వచ్చాడు.

ఇంతలో బదులులోయ మోకు మార్చే రోజు వచ్చింది. ఊరంతా గట్టు మీదే ఉంది. ఆ ఏడు రాజు ఉదయకేతుడే స్వయంగా అవతలి గట్టుకి వెళ్ళి గాదెలు తెరవాలి. పదిహేను రోజుల్లో వానలు. ఈలోగా ధాన్యం ఇవతలికి రాకపోతే ఊరికి పస్తులే.

కొట్టం వాళ్ళు మూడొందల మందీ కొత్త తలపాగాలతో బారులు తీరి నిలబడ్డారు. జనంలో చెంగమ్మ కూడా ఉంది. కొండన్న ఆమెని చూశాడు. చూసి మొహం తిప్పుకున్నాడు.

డప్పులు మోగాయి. గుమ్మడికాయ బుట్టెక్కింది. బుట్ట కదిలింది. మోకు మోత చెంగమ్మ చెవిన పడింది. ‘అయ్యో’ అనుకుంది. ఆ మాట నోటిదాకా వచ్చేలోపే, లోయ నడిమధ్యన, ఒక పేట విడిపోయింది. రెండోదీ విడిపోయింది. మూడోది టప్పున తెగింది.

జనం లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది.

“ధబ్!” అంది కింద గుమ్మడికాయ.

“ధబ్... ధబ్... ధబ్...” అంది లోయ.

ఓ చంటిపిల్ల కిలకిలా నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. రెండో బుట్టలో కూర్చోడానికి రాజుగారు అప్పటికే ఒక చెప్పు విప్పి ఉన్నారు.

“ఈ మోకు పేనిందెవరు?” అన్నాడు రాజు.

“నేను నానేశాను మహారాజా, అంతే. రెండ్రోజులు ఎక్కువ నానింది. తియ్యమని చెప్పేది వేరేవాళ్ళు.”

“నేను దువ్వానంతే. కుళ్ళిన వాసనొచ్చింది. వాసన చూడ్డం నా పని కాదు కదా!”

“నేను నూనె రాశానంతే.”

“మేం ముద్ర వేశామంతే. ముద్ర మాత్రం చాలా బాగా పడింది మహారాజా!”

దండపాణి చేతులు కట్టుకుని, “గుమ్మడికాయ బరువు ఈసారి కాస్త ఎక్కువైందేమో ప్రభూ” అన్నాడు.

రాజు మొహం ఎర్రబడింది. “మూడొందల మంది ఉన్నారు. మోకు మాత్రం ఎవరూ పేనలేదు! అంతేనా?”

వరసలో కలకలం. ఒకడు ముందుకొచ్చాడు.

“పిడి తిప్పింది నేను మహారాజా. పురి సమంగా ఎక్కట్లేదని నా చేతికి తెలిసింది. నోటితో చెప్పలేదు. నేనూ పేనాను. నా పేరు కొండన్న. నల్లప్ప కొడుకుని.”

చెంగమ్మ ఛాతీ ఉప్పొంగింది. కళ్ళ నిండా నీళ్ళు.

“పట్టుకోండి వీణ్ణి!” అన్నాడు రాజు.

చెంగమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. “ఆగండి మహారాజా! అతన్ని పట్టుకెళితే, పేరు చెప్పినవాడికి సంకెళ్ళు, చెప్పనివాళ్ళకి జీతాలు అవుతాయి. వచ్చే ఏడు ఈ ఒక్క గొంతు కూడా ఉండదు.”

రాజు ఆమెని ఎగాదిగా చూశాడు. “నువ్వేనా తాడు మీద ముందు తనే ఎక్కే చెంగమ్మవి?”

“ఒకసారి ఎక్కలేదు మహారాజా. దాని ఫలితం మా పాక ముందు కుంటుతూ తిరుగుతోంది.”

ఆ జవాబు రాజుకి నచ్చింది. “అయితే ఈ కొట్టం మూసేస్తాను. మోకు నీ పాకలో పేను. ఏం కావాలన్నా ఇస్తాను.”

జనం చెంగమ్మ వైపు చూశారు. ‘నేను చెప్పానా లేదా’ అని ఊరందరి ముందు అనడానికి అంతకన్నా మంచి రోజు దొరుకుతుందా? నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కొండన్న తల వంచుకుని నిలబడ్డాడు.

“నా వల్ల కాదు మహారాజా” అంది చెంగమ్మ.

“ఏంటీ?”

“మా పాకలో పన్నెండు మందిమి. తొడంత మోకు, రెండొందల బారల పొడుగు. మేం పేనేసరికి ఏడాదవుతుంది. వానలు పదిహేను రోజుల్లో ఉన్నాయి. దీనికి మూడొందల మంది కావాలి. అంత నార కావాలి, అంత పెద్ద కప్పు కావాలి. కొట్టం కావాలి మహారాజా. గుమ్మడికాయ వద్దు, అంతే.”

ఆమె మూడు కోరికలు కోరింది. ఒకటి, చక్రాన్ని అటక మీంచి దించాలి. రెండు, తప్పు కనపడితే ఎవరైనా సరే, ఆఖరికి చీపురు పట్టినవాళ్ళైనా సరే, “ఆపండి!” అనొచ్చు. అంటే చక్రం ఆగాలి. మూడు, మోకు మీద చెయ్యి వేసిన ప్రతి ఒక్కరూ ఊరికంటే ముందు దాని మీద ఎక్కాలి.

“ప్రతి ఒక్కరూనా?” అన్నాడు దండపాణి.

“మీరు కూడా అయ్యా.”

పని మొదలైంది. పాక వాళ్ళు పన్నెండు మంది, కొట్టం వాళ్ళు మూడొందల మంది. రెండో రోజు పొద్దున్నే దువ్వే ఆయన ముక్కు ఎగబీల్చి, ఒకసారి అటూ ఇటూ చూసి, “ఆపండి!” అన్నాడు. అని తనే ఉలిక్కిపడ్డాడు. చక్రం ఆగింది. నార కుళ్ళింది. ఆ కుప్ప మొత్తం పారేశారు. దండపాణి తలపట్టుకున్నాడు. “రెండు రోజులు పోయాయి!” అన్నాడు.

“మోకు మిగిలింది” అంది చెంగమ్మ.

వింత ఏంటంటే, తను ఎక్కాల్సిన మోకు అని తెలిశాక నార దువ్వే చేతులు మారిపోయాయి. నూనె రాసేవాళ్ళు పురి సంగతి అడగడం మొదలుపెట్టారు. పురి తిప్పేవాళ్ళు నార వాసన చూడ్డం మొదలుపెట్టారు. ముద్ర వేసే ఇద్దరికీ పని లేక, కూర్చోలేక, వచ్చి పేటలు లాగారు. పిడి కొండన్నది. చెవి చెంగమ్మది. ఆమె మీటి తల ఊపితేనే అతను మరో చుట్టు తిప్పేవాడు. ఇద్దరూ పాత గొడవ ఎత్తలేదు. పచ్చడి మాత్రం రోజూ వచ్చేది.

పదమూడో రోజు, పడమట మబ్బులు కమ్ముతుండగా, మోకు గట్టు నుంచి గట్టుకి బిగిసింది.

చెంగమ్మ ఒంటరిగా బుట్టెక్కింది. కింద లోయ నోరు తెరుచుకుని ఉంది. గాలి బుట్టని ఊపింది. నడిమధ్యకి వెళ్ళాక మోకుని వేలితో ఒకసారి మీటింది. వింది. నవ్వింది.

“చెంగమ్మ!”

“చెంగమ్మ... చెంగమ్మ... చెంగమ్మ...”

ఎన్నేళ్ళయిందో ఆ లోయ ఓ మనిషి పేరు నిండుగా పలికి! గట్టు మీద ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత ఆరేసి మంది చొప్పున ఎక్కారు. “కొండన్న!” అంది మొదటి బుట్ట. లోయ మూడుసార్లు అంది. “రత్తాలు!” “బాలగురవయ్య!” “ఎంకటసామి!” “మస్తానమ్మ!” పాతికేళ్ళుగా నార నానేస్తున్న తాత ఒకాయన పేరు చెప్పి, లోయ తిరిగి చెప్పగానే, “ఇది నేనేనా?” అని పక్కవాణ్ణి అడిగాడు. పొద్దున మొదలుపెడితే పొద్దు వాలేదాకా లోయ పేర్లు పలుకుతూనే ఉంది. మధ్యలో అన్నం తినడానికి కూడా ఎవరూ ఇంటికి వెళ్ళలేదు.

చివరి బుట్టలో ఐదుగురే మిగిలారు. అందులో దండపాణి ఒకడు, కళ్ళు గట్టిగా మూసుకుని. ఒక చోటు ఖాళీ.

రాజు ఈసారి రెండు చెప్పులూ విప్పేశాడు. “మోకు మీద ముద్ర నాదే కదా. అంటే చెయ్యి నాది కూడా పడినట్టేగా!” అని వచ్చి ఆ చోట్లో కూర్చున్నాడు.

నడిమధ్యకి వెళ్ళాక, “ఉదయకేతుడు!” అన్నాడు. ఈసారి లోయ మొహమాటపడలేదు. మూడుసార్లు గట్టిగా అంది. పక్కనే చిన్న గొంతుతో, “దండపాణి...” అని వినపడింది. దాన్నీ అంతే గట్టిగా అంది. లోయకి పెద్దా చిన్నా తెలీదుగా.

మర్నాటికల్లా ధాన్యం బుట్టలు కదిలాయి. ఆఖరి బుట్ట దిగాకే తొలి చినుకు పడింది.

“చెంగమ్మా, కొట్టానికి పెద్దగా ఉండిపో” అన్నాడు రాజు.

“నా పాకలో నిన్ననే కొత్త రకం చేంతాడు మొదలుపెట్టాం మహారాజా. అది నన్ను పిలుస్తోంది. చక్రం మీ దగ్గర ఉండనివ్వండి, అటక మీద మాత్రం కాదు. పెద్ద కావాలంటే, తప్పు ఒప్పుకున్నవాడు ఒకడున్నాడుగా!”

వెళ్ళేముందు అన్న వైపు తిరిగింది. “ఏం అన్నా, మా పాకకి రారాదూ? ఆకాశం కనపడుతుంది.”

కొండన్న నవ్వాడు. “అందరూ పాకలేసుకుంటే ఇంత లావు మోకు పేనేదెవరే?”

“నాయన మాట మళ్ళీ మొదలుపెట్టావా!”

“నాయన రెండు మాటలన్నాడుగా. ఒకటి నేను పట్టుకున్నా, ఒకటి నువ్వు పట్టుకున్నావు.”

ఆ ఏడు గుండ్లగిరిలో గుమ్మడికాయలన్నీ పులుసులోకే వెళ్ళాయి. చాలా బాగుందని చెప్పుకున్నారు. కొండన్న కొట్టంలోనే ఉండిపోయాడు, తలెత్తుకుని. చెంగమ్మ పాకకి వెళ్ళిపోయింది, తలెత్తుకుని. వెనకాలే బూడిదోడు, కుంటుకుంటూ. ఇద్దరి గర్వమూ ఒక్కటే. లోయ తమ పేరు పలికింది.

కాబట్టి పిల్లలూ, పెద్ద కొట్టం గొప్పదా, సొంత పాక గొప్పదా అని కొట్టుకోకండి. తను పేనిన తాడు మీద ముందు తనే ఎక్కి పేరు చెప్పేవాడు ఎక్కడున్నా గొప్పవాడే. మరి రేపు నువ్వు పేనబోయే తాడు మీద ముందెక్కేదెవరు, నువ్వా, గుమ్మడికాయా?